ముక్క పరీక్ష జరగని నెలలకు లెక్క ఎవరు చెప్పాలి?

క్యాన్సర్ వైద్య సాహిత్యంలో శ్రీకాకుళం జిల్లా పేరు యాభై ఏళ్ల కిందటే చేరింది. అడ్డపొగ అలవాటు మీద పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు ఇక్కడి పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి, 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో ఫలితాలు ప్రచురించారు. చుట్ట వెలిగించి, నిప్పు వైపు నోట్లో పెట్టుకుని తాగే ఆడవాళ్లకు అంగిలి తెల్లబారి మందమెక్కుతుంది. ఆ తెలుపు మధ్య ఎర్రటి చుక్కలు తేలతాయి. కొందరికి అక్కడే పుండు పడుతుంది, మానదు. నోరు తెరిపించి టార్చిలైటు వేసి చూస్తే ఆ మచ్చ కనబడుతుంది. దానికి స్కానింగ్ యంత్రం అక్కర్లేదు.

అలాంటి జిల్లాలో, మానని నోటిపుండుకు నెలల తరబడి విటమిన్ మాత్రలు, యాంటీబయాటిక్‌లు రాస్తూ, ఒక్కసారి కూడా ముక్క తీసి పరీక్షకు పంపని వైద్యుడు "క్యాన్సరని నాకెలా తెలుస్తుంది?" అంటే ఒప్పుకోవాలా? ఒప్పుకోనక్కర్లేదని నా అభిప్రాయం. సాటి వైద్యుడు అదే పరిస్థితిలో ఏం చేసి ఉండేవాడన్నదే నిర్లక్ష్యానికి చట్టం పెట్టిన కొలమానం. ఆ సాటి వైద్యుడు శ్రీకాకుళంలో పనిచేస్తున్నప్పుడు ఇక్కడి జబ్బుల తీరు తెలిసినవాడై ఉండాలని ఆశించడం అన్యాయం కాదు. రొమ్ములో గడ్డ తీసి పాథాలజీకి పంపకుండా పారేయడం, కఫంలో క్రిమి కనబడకపోయినా, మందులకు గుణం లేకపోయినా దగ్గుకు క్షయ మందులే కొనసాగించడం కూడా ఇదే కోవలోకి వస్తాయి.

మన దగ్గర వైద్య నిర్లక్ష్యం అనగానే కళ్ల ముందు మెదిలేది ఆపరేషన్ థియేటర్‌లో పోయిన ప్రాణం, ఆసుపత్రి గుమ్మంలో శవంతో బైఠాయించిన బంధువులు, పోలీసులు, మధ్యలో కూర్చుని ఎంతో కొంతకు రాజీ కుదిర్చే పెద్దలు. క్యాన్సర్ కేసు అలా నడవదు. తప్పు ఒకనాడు ఒకచోట జరుగుతుంది. అది ఏడాది తర్వాత విశాఖలో మరో ఆసుపత్రిలో, మరో డాక్టరు నోట బయటపడుతుంది: "ఇంత ముదరబెట్టి తెచ్చారేమిటి?" ఆ మాట విన్న కుటుంబం తమనే తాము తిట్టుకుంటుంది. తామే ఆలస్యం చేశామనుకుంటుంది. మొదటి నెలలోనే తాము డాక్టరు దగ్గరకు వెళ్లామన్నది, అక్కడే రోజులు గడిచిపోయాయన్నది అప్పులు, ప్రయాణాలు, కీమోల మధ్య మరుగున పడిపోతుంది.

చట్టంలో తలుపులు లేవా అంటే ఉన్నాయి. ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు వైద్యసేవను వినియోగదారుల చట్టం కిందికి తెచ్చింది. అందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులు మాత్రం దాని బయట ఉండిపోయాయి. 2019 నాటి కొత్త చట్టం 2020 జూలైలో అమల్లోకి వచ్చాక మనలాంటి జిల్లాలకు ఒక మేలు జరిగింది. ఫిర్యాదుదారు తాను నివసించే చోటే కేసు వేయవచ్చు. వైద్యం విశాఖలో జరిగినా, హైదరాబాద్‌లో జరిగినా, ఇచ్ఛాపురం మనిషి శ్రీకాకుళం జిల్లా కమిషన్‌కే వెళ్లవచ్చు. ఆసుపత్రికి కట్టిన సొమ్ము 50 లక్షల రూపాయల లోపుంటే జిల్లా కమిషన్‌దే పరిధి. కట్టిన సొమ్ము 5 లక్షల లోపుంటే దాఖలు రుసుమే లేదు. ఇక్కడ లెక్కలోకి వచ్చేది కట్టిన డబ్బే, అడిగే పరిహారం కాదు. ఈ సంగతి తెలియకే చాలామంది ఎక్కువ పరిహారం అడిగితే ఎక్కువ ఫీజు కట్టాలేమోనని జంకుతారు.

గడువు రెండేళ్లు. అది ఎప్పటినుంచి లెక్క? హాని వెంటనే తెలిసిపోయేదైతే ఆ రోజు నుంచి, లోపల దాగి ఉండి తర్వాత బయటపడేదైతే తగిన శ్రద్ధ చూపిన మనిషికి అది తెలియగలిగిన రోజు నుంచి అని 2010లో శ్రీఖండే కేసులో సుప్రీంకోర్టు వివరించింది. అయితే ఆ కేసు వేసినావిడే ఓడిపోయారు. ఆపరేషన్ తర్వాత తొమ్మిదేళ్లు నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చారు గనుక శ్రద్ధ చూపలేదని కోర్టు భావించింది. కాబట్టి క్యాన్సరని తేలిన రోజు నుంచే రోజులు లెక్కబెట్టుకోవడం క్షేమం.

రోగ నిర్ధారణలో పొరపాటు పడినంత మాత్రాన అది నిర్లక్ష్యం కాదు. 2005లో జేకబ్ మాథ్యూ తీర్పు వైద్యులకు ఆ రక్షణ ఇచ్చింది. క్యాన్సర్ మొదట్లో వేరే జబ్బులా కనబడుతుందన్నదీ నిజమే. అయినా అనుమానించి పరీక్ష చేయించాక ఫలితం తప్పుగా రావడానికీ, అసలు పరీక్షే చేయించకపోవడానికీ చాలా తేడా ఉంది. ఆ తేడాను తేల్చడానికి ప్రతిసారీ నిపుణుడి సాక్ష్యం అక్కర్లేదని 2010లో కిషన్ రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన తెలుగు నేల మీది కేసే. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మలేరియా రోగికి టైఫాయిడ్ వైద్యం చేశారు, ఆమె చనిపోయింది. ఆమె భర్త మలేరియా విభాగంలోనే అధికారి. జిల్లా ఫోరం 2 లక్షల పరిహారం ఇస్తే, నిపుణుడి సాక్ష్యం లేదంటూ రాష్ట్ర కమిషన్ కొట్టేసింది, జాతీయ కమిషన్ సమర్థించింది. సుప్రీంకోర్టు జిల్లా ఫోరం తీర్పునే నిలబెట్టింది. శ్రీకాకుళం, విజయనగరంలో వాదించే న్యాయవాదులు దగ్గర పెట్టుకోవలసిన తీర్పు ఇది. ఈ జిల్లాల్లో ఒక డాక్టరు మీద మరో డాక్టరు సాక్ష్యం చెప్పడం ఎంత కష్టమో వాళ్లకు తెలుసు.

కణితి వైద్యంలో దేశమంతా ఉదహరించే తీర్పు కూడా హైదరాబాద్‌దే. 1990లో ఒక ఇంజనీరింగ్ విద్యార్థి ఛాతీలో కణితితో నిమ్స్‌లో చేరాడు. కణితి స్వభావం తేల్చుకోవడానికని థియేటర్‌లోకి తీసుకెళ్లి, మొత్తం కణితినే తీసేశారు. నడుము కింది భాగం చచ్చుబడిపోయింది. పక్కటెముక కొరుకుడు పడిన ఆనవాళ్లు ఉన్నప్పుడు, కణితికి నరాలతో సంబంధం ఉండవచ్చని అనుమానించి న్యూరో సర్జన్‌ను కలుపుకోవాల్సింది, కలుపుకోలేదు. కణితి మొత్తం తీయడానికి సమ్మతీ తీసుకోలేదు. 1999లో జాతీయ కమిషన్ పదిహేనున్నర లక్షలు ఇవ్వమంది. ఆ యువకుడు చక్రాల కుర్చీలోంచే సుప్రీంకోర్టులో తన వాదన తానే వినిపించుకున్నాడు. 2009 మేలో కోర్టు పరిహారాన్ని కోటి రూపాయలకు పెంచి, వడ్డీ కూడా కలిపింది. నిమ్స్ వర్సెస్ ప్రశాంత్ ధనంక తీర్పు అదే. ఆపరేషన్ నుంచి తుది తీర్పు దాకా దాదాపు 19 ఏళ్లు పట్టింది. మెట్రో నగరంలో చదువుకున్న కుటుంబం, పట్టు వదలని మనిషి ఉన్న కేసుకే అంతకాలం పట్టింది. పలాస జీడిపప్పు కార్ఖానాలో కూలికెళ్లే ఇల్లాలికి ఆ ఓపిక ఎక్కడిది?

ఆ తీర్పులో హాని కళ్లకు కట్టినట్టు ఉంది. నడిచివెళ్లిన మనిషి నడవలేకపోయాడు. ఆలస్యంగా బయటపడ్డ క్యాన్సర్‌లో ఆ స్పష్టత ఉండదు. "ముందే తెలిసినా బతికేవాడు కాదేమో" అని ఆసుపత్రి వకీలు అంటాడు. ఇంగ్లండులో గ్రెగ్ వర్సెస్ స్కాట్ కేసులో సరిగ్గా ఇదే జరిగింది. చంకలో గడ్డను డాక్టరు పట్టించుకోకపోవడంతో తొమ్మిది నెలలు ఆలస్యమైంది, బతికే అవకాశం 42 శాతం నుంచి 25 శాతానికి పడిపోయింది. మొదటే సగం కన్నా తక్కువ ఉంది గనుక పరిహారం లేదని 2005లో హౌస్ ఆఫ్ లార్డ్స్ తేల్చింది. ఐదుగురు న్యాయమూర్తుల్లో ఇద్దరు ఒప్పుకోలేదు. మన కమిషన్లు ఆ దారి పట్టకూడదు. మొదటి దశలో పుండు చుట్టూ కాస్త కోసి తీస్తే సరిపోయేచోట దవడ ఎముకే తీయాల్సి రావడం, ఒక చిన్న ఆపరేషన్‌తో ముగిసేది కీమో, కరెంటు పెట్టడం దాకా వెళ్లడం, తినలేని నోరు, పోయిన మాట, అమ్ముకున్న ఎకరం. ఇవన్నీ బతుకు శాతాలతో నిమిత్తం లేకుండా లెక్కకట్టగల నష్టాలు. ఫిర్యాదు రాసేటప్పుడే చావుకు పరిహారమని ఒక్క అంకె వేసి వదిలేయకుండా, ఈ నష్టాలను ఒక్కొక్కటిగా అడగాలి.

ఇవన్నీ నిరూపించేది కాగితం. ఉత్తరాంధ్ర పేద రోగి ఓడిపోయేది అక్కడే. మొదటి నెలల వైద్యం ఆర్‌ఎంపీ దగ్గర, చీటీ ఉండదు. తర్వాత పట్నంలోని క్లినిక్‌లో ఓపీ చీటీ ఉంటుంది గానీ, ఏం చూశారో రాయరు, మందుల పేర్లే ఉంటాయి. రసీదు అడిగితే మొహం చిట్లిస్తారు. విశాఖ వెళ్లేసరికి కవరు నిండా కాగితాలుంటాయి, కావలసిన కాగితం ఒక్కటీ ఉండదు. భారత వైద్య మండలి 2002 నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డును మూడేళ్లు భద్రపరచాలి. రోగి గానీ, అధికారం పొందిన సహాయకుడు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. తెల్లకాగితం మీద అర్జీ రాసి, రెండో ప్రతి మీద ఆసుపత్రి ముద్ర వేయించుకోవడం, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపి రసీదు దాచుకోవడం ఎవరైనా చేయగలిగిన పనే. ఇవ్వకపోతే ఆ నిరాకరణే కేసులో సాక్ష్యం అవుతుంది.

కేస్ షీటుతో పాటు అడగాల్సింది మరొకటుంది. ముక్క పరీక్షకు తీసిన కండను పాథాలజీలో మైనంలో దిగేసి, పొరలు పొరలుగా కోసి, గాజు పలక మీద పరచి చూస్తారు. ఆ చిన్న మైనపు దిమ్మ ఏళ్ల తరబడి చెడదు. మరో పాథాలజిస్టు దాని నుంచి మళ్లీ పొర కోసి, మొదటి రిపోర్టు సరైందో కాదో చెప్పగలడు. కేస్ షీటులో తర్వాత అక్షరాలు చేర్చవచ్చు, దిమ్మలో చేర్చలేరు. రిపోర్టు తప్పిందన్న అనుమానం ఉన్న కుటుంబం అన్నిటికంటే ముందు స్లైడులు, దిమ్మ చేతికి తీసుకోవాలి.

ఆరోగ్యశ్రీ రోగుల సంగతి వేరు. ఈ పథకం 2007లో మొదట మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. మిగతా రెండూ అనంతపురం, మహబూబ్‌నగర్. ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. రోగి జేబులోంచి డబ్బు కట్టలేదు గనుక వినియోగదారుడు కాడని ఆసుపత్రులు వాదించవచ్చు. కానీ బీమా సంస్థ రోగి తరఫున చెల్లిస్తే అది ఉచిత సేవ కాదని శాంత తీర్పే చెప్పింది. పథకాన్ని నడిపే ట్రస్టు చెల్లించినా అదే తర్కం వర్తించాలి. పైగా ఈ రోగుల కాగితాలు పోయే ప్రసక్తి లేదు. ముందస్తు అనుమతి కోసం ఆసుపత్రి పంపిన రిపోర్టులు, తేదీలు ట్రస్టు దగ్గరే ఉంటాయి. అది ప్రభుత్వ ట్రస్టు కాబట్టి రోగి తన ఫైలును సమాచార హక్కు కింద అడగవచ్చు. అసలు అడిగించుకోకుండా, డిశ్చార్జి రోజునే మొత్తం ఫైలు ప్రతిని రోగి చేతిలో పెట్టేలా ట్రస్టు ఆదేశించాలి. దానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

నిపుణుల అభిప్రాయానికీ ఒక ఏర్పాటు కావాలి. కమిషన్ కోరినప్పుడు విశాఖలోని కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్) నుంచి పాథాలజిస్టు, సర్జన్, ఆంకాలజిస్టు కలిసి నిర్ణీత గడువులో రాతపూర్వకంగా అభిప్రాయం ఇవ్వాలి. అగనంపూడిలో టాటా మెమోరియల్ నడిపే హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలో స్లైడులు తిరిగి చూడగలవారున్నారు. విశాఖలో ఇంత నైపుణ్యం ఉండగా, నిపుణుడు దొరకలేదన్న కారణంతో పేదవాడి ఫిర్యాదు వీగిపోకూడదు.

ఇలా కేసులు పెరిగితే వైద్యులు ఈ జిల్లాలకే రారని అంటారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. రోజుకు వందమందిని చూసే డాక్టరు ప్రతి పుండునూ క్యాన్సరని అనుమానించలేడు. కానీ ఆ డాక్టరును కాపాడేదీ కాగితమే. "అంగిలిపై మచ్చ చూశాను, ముక్క పరీక్షకు రాశాను, రోగి వెళ్లలేదు" అని చీటీ మీద ఒక్క వాక్యం ఉంటే ఏ కమిషనూ ఆయన్ను తప్పుపట్టదు.

అన్నిటికంటే అన్యాయం జరిగేది పూర్తి ఉచిత వైద్యం పొందినవాళ్లకు. ప్రభుత్వాసుపత్రిలో తప్పు జరిగితే వాళ్లకు వినియోగదారుల కమిషన్ తలుపు దాదాపు మూసుకుపోయినట్టే. వైద్య మండలికి ఫిర్యాదు చేస్తే డాక్టరు మీద చర్య తీసుకోవచ్చు గానీ, అది పరిహారం ఇప్పించలేదు. జాతీయ వైద్య కమిషన్ చట్టంలో పైస్థాయి అప్పీలు హక్కు వైద్యులకే రాశారు, రోగికి రాయలేదు. మిగిలినవి సివిల్ దావా, హైకోర్టులో రిట్. శాశ్వత లోక్ అదాలత్ కూడా ఉంది. న్యాయసేవల చట్టం ఆసుపత్రి సేవను ప్రజోపయోగ సేవగా గుర్తించింది, అక్కడ కోర్టు ఫీజు లేదు, రాజీ కుదరకపోతే తీర్పు చెప్పే అధికారం ఉంది. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇవ్వాలని అదే చట్టం 12వ సెక్షన్ చెబుతోంది. సీతంపేట కొండల్లోని సవర ఇల్లాలికీ, ఉద్దానంలో చుట్ట తాగే ముసలమ్మకూ ఈ హక్కు ఇప్పటికే ఉంది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లా న్యాయసేవాధికార సంస్థలు తమ పారాలీగల్ వాలంటీర్లలో ఒకరిని క్యాన్సర్ వార్డుల దగ్గర కూర్చోబెట్టి, రికార్డు అర్జీ రాయించే పని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.