దారి కోసం దావా వేస్తే నవ్వుతారా?



ముందే చెబుతున్నాను, ఇది పొడుగు. తీరిక ఉన్నప్పుడు చదవండి. నేను తమిళ మీడియంలో చదువుకున్నవాణ్ణి. తెలుగు ఇంట్లో మాట్లాడిందే తప్ప, అక్షరాలు మన సంఘం ఆదివారం క్లాసులోనే నేర్చుకున్నాను. భాషలో తప్పులుంటే సరిదిద్దండి. విషయంలో మాత్రం నేను తగ్గేది లేదు.

పోయిన నెల కమిటీ మీటింగు అయ్యాక కాఫీ తాగుతూ ఒక తమ్ముడు అన్నాడు: "అమెరికాలో కొండల మీద జీపు నడుపుకోవడానికి కూడా కోర్టుకి పోతారంట అన్నా. పనీపాటా లేని డబ్బున్నోళ్ళు." అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అప్పుడు బస్సుకు టైమయింది కాబట్టి ఊరుకున్నాను. ఇప్పుడు జవాబు చెబుతున్నాను.

ఆ జీపుల సంగతి నేను కళ్ళారా చూశాను. మా అమ్మాయి కాపురం యూటా రాష్ట్రంలో. అక్కడ నాలుగు నెలలు ఉన్నప్పుడు అల్లుడు మోయాబ్ అనే ఊరికి తీసుకెళ్ళాడు. ఎటు చూసినా ఎర్రరాయి, లోయలు. చెట్టు కనిపిస్తే చెప్పుకోవాలి. అల్లుడి స్నేహితుడి తండ్రి, నాకంటే పెద్దాయన, తన పాత జీపులో మమ్మల్ని ఎక్కించుకుని రాతి మెట్ల మీద ఎక్కించి దించాడు. నా ప్రాణం అరచేతిలో ఉంది. చివర్న ఒక అంచు దగ్గర ఆపితే, కింద ఎంతో లోతులో నది. మోకాళ్ళ నొప్పితో రైల్వే క్వార్టర్సు మేడమెట్లే ఎక్కలేని నేను ఆ చోటు చూశానంటే ఆ దారి వల్లే.

ఆ దారులు ఎవరివి అని అడిగాను. చాలావరకు 1950లలో యురేనియం కోసం తవ్వకాలవాళ్ళు బుల్డోజర్లతో తీసినవట. గనులు పోయాయి, దారులు మిగిలాయి. 1967 నుంచి ప్రతి ఈస్టర్‌కు అక్కడ జీపుల జాతర జరుగుతోంది.

ఆ భూమికి పట్టా ఎవరి పేరా లేదు. కేంద్ర ప్రభుత్వం కింద బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే శాఖ చూసుకుంటుంది. ఆ శాఖ చేతిలో దేశం మొత్తం మీద సుమారు 24.5 కోట్ల ఎకరాలున్నాయి. మన పొరంబోకు లాంటిదనుకోండి. ఒక్క తేడా: మన పొరంబోకు ఎవరిదీ కాదని అందరూ అనుకుంటారు, అక్కడి జనం అది తమదే అనుకుంటారు. ఈ తేడాలోనే నా వ్యాసం అంతా ఉంది.

ఇప్పుడు కేసు సంగతి. ఆ శాఖ ప్రతి ప్రాంతానికీ ఒక దారుల ప్లాను తయారు చేస్తుంది. మ్యాపులో ఉన్న ఒక్కో దారికీ మూడింటిలో ఒక ముద్ర: బండ్లకు తెరిచినది, షరతులతో తెరిచినది, మూసినది. 2008లో యూటాలో ఇలాంటి ప్లాన్లు వచ్చాయి. దారులు మరీ ఎక్కువ తెరిచారని పర్యావరణ సంఘాలు కోర్టుకి వెళ్ళాయి. ఏళ్ళ తరబడి నడిచి 2017లో రాజీ కుదిరింది. చాలా ప్రాంతాల ప్లాన్లను మళ్ళీ మొదటినుంచి చెయ్యాలని శాఖ ఒప్పుకుంది. ఆ ప్రకారం 2023 సెప్టెంబరులో మోయాబ్ పక్కనున్న లాబిరింత్ క్యాన్యన్, జెమినై బ్రిడ్జెస్ ప్రాంతానికి కొత్త ప్లాను వచ్చింది. సుమారు 3 లక్షల ఎకరాల ప్రాంతం. అందులో 317 మైళ్ళ దారులు మూశారు. 800 మైళ్ళకు పైగా తెరిచే ఉంచారు. మూసిన దారుల కోసం బ్లూరిబ్బన్ కోఅలిషన్ అనే సంఘం అప్పీలుకూ కోర్టుకూ వెళ్ళింది. అది 1987లో ఐడహో రాష్ట్రంలో పుట్టిన సంఘం.

మన తమ్ముడు నవ్వింది దీనికే.

తమ్ముడూ, మొదట ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పు. పర్యావరణ సంఘాలు దావా వేసినప్పుడు ఎవరూ నవ్వలేదు. అది ప్రజాహితం అన్నాం. జీపులవాళ్ళు అదే కోర్టులో, అదే చట్టాల కింద దావా వేస్తే పనీపాటా లేనితనమా? మనవాడు ఎక్కితే న్యాయస్థానం మెట్లు, ఎదుటివాడు ఎక్కితే కోర్టు పక్షి వేషమా? తలుపు అన్నాక ఇద్దరికీ తెరుచుకోవాలి, లేకపోతే ఇద్దరికీ మూసుకోవాలి.

"అది ఆట కదా" అంటారు. ఆటే. ఆ లోయ కింద నదిలో పడవ మీద నిశ్శబ్దంగా పోవాలనుకునేవాడిదీ ఆటే. మూటగట్టుకుని కాలినడకన పోయేవాడిదీ ఆటే. ప్రజల భూమిలో ఎవరి ఆట గొప్పది అని తేల్చడం కోర్టు పని కాదు. ఈ దారిని ఎందుకు మూశావు, కారణం కాగితం మీద చూపించు అని ఆఫీసును అడగడమే కోర్టు పని. నేను ముప్పై నాలుగేళ్ళు గుమాస్తా పని చేశాను. ఆఫీసు అనేది కారణం అడిగితేనే కారణం వెతుక్కుంటుంది. అడగకపోతే సంతకం పెట్టేసి ఫైలు కట్టేస్తుంది.

ఇక్కడే నేను జీపులవాళ్ళను కూడా వదలను. ఆ ఎడారి నేల మీద నల్లగా, గరుకుగా ఒక పొర ఉంటుంది. ప్రాణమున్న పొర అది. మట్టి కొట్టుకుపోకుండా పట్టుకునేది అదే. ఒక్క టైరు దాని మీదుగా పోతే మళ్ళీ ఏర్పడడానికి పదుల సంవత్సరాలు పడుతుంది. దారి వదిలి పక్కకు దిగిన చక్రాల గుర్తులు నేనూ చూశాను. రాళ్ళ మీద వెయ్యేళ్ళ కిందటి మనుషులు చెక్కిన బొమ్మలున్నాయి. కొమ్ముల గొర్రెలు ఈనే చోట్లున్నాయి. వీటిని కాపాడమని ఊరికే అనడంలేదు. దారి తప్పి తిరిగే బండ్ల వల్ల నేలకూ జంతువులకూ నష్టం తగ్గేలా దారులు నిర్ణయించాలని 1972లోనే అధ్యక్షుడు నిక్సన్ ఉత్తర్వు ఇచ్చాడు. అది ఇప్పటికీ ఆ శాఖ నెత్తిన ఉంది. కాబట్టి 317 మైళ్ళలో కొన్ని మూయదగ్గవే అయ్యుండొచ్చు. నేను అనేది, మూసేటప్పుడు ఒక్కో దారికీ లెక్క చెప్పి మూయాలి అని. ఆ లెక్క అడిగినవాణ్ణి చూసి నవ్వకూడదు అని.

కోర్టుకు పోకుండా తమ చేతుల్తో దారి తెరుచుకున్నవాళ్ళూ ఉన్నారు. అదే యూటాలో రికాప్చర్ క్యాన్యన్ అనే చోట పురాతన నివాసాల శిథిలాలున్నాయని 2007లో బండ్లకు మూశారు. 2014 మేలో ఆ కౌంటీ కమిషనరే ముందుండి జనాన్ని నాలుగు చక్రాల బండ్ల మీద లోపలికి నడిపించాడు. నేరం రుజువై పది రోజులు జైలు పడింది. 2020 చివర్లో అధ్యక్షుడు క్షమాభిక్ష పెట్టాడు. క్షమాభిక్ష మనిషికి దొరికింది గాని, చక్రాల కింద నలిగినదానికి ఎవరు పెడతారు? ఇతన్నీ కోర్టులో కాగితం పెట్టినవాణ్ణీ ఒకే గాట కట్టి "జీపు పిచ్చోళ్ళు" అనడం అన్యాయం. కాగితం పెట్టినవాడు ఓడినా రాజ్యాంగం లోపలే ఉన్నాడు.

ఇంతకీ నాకెందుకింత మంట అంటారా? చెబుతాను.

మా అమ్మమ్మ ఊరు అరక్కోణం దాటి పల్లె. ఊరి నుంచి చెరువుకు ఒక బండిదారి ఉండేది. పశువులు అటే పోయేవి, శవమూ అటే పోయేది. ఆ దారి పక్క పొలాలు ఒక లేఅవుట్ అయ్యాయి. ప్లాను కాగితంలో మా దారి గీతే లేదు. అభ్యంతరాలుంటే ముప్పై రోజుల్లో చెప్పమని నోటీసు అంటించారట. గోడ మీద అంటించిన కాగితాన్ని ఎవరు చదువుతారు? గేటు పెట్టిన రోజు ఊరంతా వెళ్ళి అరిచారు. ఆఫీసువాళ్ళు ఎఫ్ఎంబీ స్కెచ్ చూపించి "దారి ఎక్కడుంది?" అన్నారు. మా అమ్మమ్మ అప్పటికి ఎనభై దాటిన మనిషి. "నేను కాపురానికొచ్చిన బండి ఈ దారినే వచ్చింది" అంది. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. రెండేళ్ళకు ఆమె పోయింది. సాక్ష్యం కూడా ఆమెతోనే పోయింది. అప్పుడు నేను ప్రభుత్వ ఉద్యోగిని, చదువుకున్న మనవణ్ణి. "కోర్టుకెళ్తే గెలిచినవాడు ఇంట్లో ఏడుస్తాడు, ఓడినవాడు కోర్టులోనే ఏడుస్తాడు" అని సామెత చెప్పి ఊరివాళ్ళను ఆపింది నేనే. ఆ తప్పు నాదే. ఈ రోజుకీ ఆ సామెత వింటే నాకు తల దించుకోవాలనిపిస్తుంది.

అందుకే యూటాలో విన్న ఇంకో సంగతి నన్ను పట్టుకుంది. 1866లో అమెరికా ప్రభుత్వం ఒక చట్టంలో ఒక్క వాక్యం పెట్టింది: వేరే పనికి కేటాయించని ప్రభుత్వ భూమి మీద రహదారి వేసుకునే హక్కు ఇస్తున్నాం అని. 1976లో దాన్ని రద్దు చేశారు, కాని అప్పటికే ఏర్పడిన హక్కులు నిలుస్తాయన్నారు. ఇప్పుడు యూటాలో ఒక దారి ఉందని చెప్పాలంటే, 1976కు ముందు పదేళ్ళు జనం ఎడతెగకుండా వాడారని రుజువు చెయ్యాలి. ఆ రాష్ట్రమూ కౌంటీలూ కలిసి 2012లో సుమారు 12,000 దారుల మీద దావాలు వేశాయి. రుజువు ఎక్కడుంది? ముసలివాళ్ళ జ్ఞాపకంలో. గొర్రెలు తోలినవాళ్ళు, గనుల్లో పనిచేసినవాళ్ళు. వాళ్ళు పోయేలోపు లాయర్లు వాళ్ళ ముందు కూర్చుని, ప్రమాణం చేయించి, వాంగ్మూలాలు రాయించుకున్నారు. అన్ని వేల దారులు అడగడం అత్యాశ అని నాకూ అనిపిస్తుంది. ఏరు ఎండిన ఇసుకనూ రహదారి అంటే ఎలా? కాని ముసలివాడి మాటను కోర్టు కాగితంగా మార్చారు చూడండి, అక్కడ నేను చెయ్యెత్తి దండం పెట్టాను. మా అమ్మమ్మకు ఆ భాగ్యం లేకపోయింది.

అక్కడ ఇంకో నియమం కూడా ఉంది. ముసాయిదా మీద అభిప్రాయాలు అడిగినప్పుడు నోరు మెదపనివాడు తరువాత కోర్టులో కొత్తగా ఆ అభ్యంతరం లేవనెత్తితే సాధారణంగా చెల్లదు. ఆ శాఖ నిర్ణయం మీద పై బోర్డుకు అప్పీలు చెయ్యాలంటే ముప్పై రోజులే గడువు. అందుకని ఆ జీపు సంఘాలవాళ్ళు ఏడాది పొడుగునా చేసేది బండి తోలడం కాదు, నోటీసులు చదవడం. ఏ దారి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో రాసుకుంటారు, ఫోటోలు తీస్తారు, గడువులోగా ఉత్తరం వేస్తారు. కోర్టు ఆఖరున వస్తుంది. కోర్టు చూసేది కూడా ముఖ్యంగా ఆ పాత ఫైలునే. ఫైలు లేనివాడికి లాయరు ఏం చేస్తాడు?

ఇక మన సంగతి. రెండు మాటలే.

2006లో మన రాష్ట్రంలో తమిళం తప్పనిసరి చట్టం వచ్చింది. తమిళం చదవడానికి మనకు అభ్యంతరం లేదు, నేను దానిలోనే చదివి ఉద్యోగం చేశాను. మన పిల్లలకు అమ్మభాష చదివే దారి మూసుకోకూడదన్నదే బాధ. ఆ చట్టం 2016లో పదో తరగతి పరీక్ష దాకా వచ్చాక గాని చాలామంది మేలుకోలేదు. అప్పుడు భాషా అల్పసంఖ్యాకుల తరఫున కొందరు కోర్టు మెట్లెక్కారు. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి ఆ ఏడాది పరీక్షకు తమిళం పేపరు నుంచి మినహాయింపు తెచ్చుకున్నారు. అప్పుడు కూడా మన కాఫీ బల్ల దగ్గరే "ఇరుగుపొరుగుతో ఉంటూ కోర్టు ఎందుకు" అన్నవాళ్ళున్నారు. మినహాయింపు వచ్చాక పిల్లల పేర్లు ఇవ్వడానికి వాళ్ళే ముందు వరసలో నిలబడ్డారు. తప్పు పట్టడంలేదు. గుర్తు చేస్తున్నాను.

మన సంఘం బీరువాలో ఏముంది? పెళ్ళి సంబంధాల రిజిస్టరు, ఉగాది ఫోటోలు, చందా రసీదులు. మన ఊళ్ళలో ఏ బడిలో ఏ సంవత్సరం దాకా తెలుగు సెక్షను ఉండేది, ఏ టీచరు రిటైరయ్యాక మూతపడింది, ఎంతమంది పిల్లలుండేవారు, ఇదంతా ఎనభై ఏళ్ళవాళ్ళ నోట్లో ఉంది. కాగితం మీద లేదు.

అందుకని వచ్చే మీటింగులో నేను ఒక తీర్మానం పెడుతున్నాను. పెద్దవాళ్ళ దగ్గరకు ఇద్దరిద్దరుగా వెళ్దాం. పేరు, ఊరు, బడి, సంవత్సరం అడిగి రాసుకుందాం. సంతకమో వేలిముద్రో తీసుకుందాం. ఫైలు నేను కట్టుకుంటాను, అది నాకు చేతనైన పని. దావా వేస్తామా లేదా అన్నది తరువాత మాట.

నవ్విన తమ్ముడి మీద నాకు కోపం లేదు. వాడికి బండి ఉంది, నాకు లేదు. మొదటి ఆదివారం పొద్దున్నే నన్ను ఎక్కించుకుని పోతే చాలు. జాబితాలో మొదటి పేరు మా వీధి చివరి అవ్వది. ఆమెకు తొంభై ఒకటి.