పాఠం అల్లే చేతులకు జీతమేది?

మరాఠీలో 'మీ' అంటే నేను. తెలుగులో 'మీ' అంటే ఎదుటివాళ్లది. మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకాలో తెలుగింట పుట్టి, ఆరేళ్లకు జిల్లా పరిషత్ మరాఠీ బడి గడప తొక్కిన పిల్లకు తొలి వారంలోనే ఈ మాట ఎదురవుతుంది. బాయి, అంటే పంతులమ్మ, గుండెమీద చెయ్యేసుకొని 'మీ' అంటుంది. పిల్ల తన గుండె వంక చూసుకుంటుంది. 'పాల్' అని బొమ్మ చూపిస్తే ఆ పిల్లకు పాలు గుర్తొస్తాయి. బొమ్మలో ఉన్నది గోడమీది బల్లి. 'పంచవీస్' రాయమంటే ఐదు ముందు వినబడింది కాబట్టి 52 రాస్తుంది. బాయి అడిగింది 25. పలక మీద తప్పు గీత పడుతుంది. ఇట్లాంటి గీతలు వంద పడ్డాక ఆ పిల్ల మొద్దు అన్న పేరు మోస్తూ వెనక వరుసలో కూర్చుంటుంది.

ఆ పిల్ల మొద్దు కాదు. దారిలో ముళ్లున్నాయి. ఏ ముల్లు ఎక్కడుందో ముందే కనిపెట్టి, ఏ మాట ముందు నేర్పాలి, ఏది రెండు నెలలు ఆపాలి, ఏ బొమ్మ పక్కన తెలుగు మాట నిలబెట్టాలి, పిల్లకు పట్టుబడిందో లేదో దేనితో తెలుసుకోవాలి అని రాత్రిళ్లు కూర్చొని అట్టముక్కలు కత్తిరించేవాళ్లు ఈ తాలూకాలో ఉన్నారు. ఈ పనికి లోకంలో ఒక పేరుంది: ఇన్‌స్ట్రక్షనల్ డిజైన్. పాఠ రూపకల్పన అనండి. నేను పాఠం అల్లడం అంటాను. హైదరాబాద్‌లో, పుణెలో ఇది ఉద్యోగం. దానికి పేరున్న కుర్చీ ఉంది, నెల జీతం ఉంది, అనుభవం పెరిగితే పెరిగే హోదా ఉంది. సిరొంచలో ఇది వెట్టి. ఆ మాట తెలిసే వాడుతున్నాను. పని చేయించుకొని కూలి లెక్కలో రాయకపోవడాన్ని మా తాతలు వెట్టి అన్నారు.

ఈ విద్య ఎక్కడ పుట్టిందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధంలో లక్షలమంది సైనికులకు తక్కువ కాలంలో పని నేర్పాల్సి వచ్చి అమెరికా సైన్యం మనస్తత్వ శాస్త్రవేత్తలను పిలిచింది. 1975లో ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అదే సైన్యం కోసం ఒక పద్ధతి తయారుచేసింది: నేర్చుకునేవాళ్లను పరిశీలించు, రూపమివ్వు, తయారుచెయ్యి, అమలుచెయ్యి, ఫలితం కొలువు. నేటికీ కార్పొరేట్ శిక్షణ కంపెనీలు కొలిచే మెట్లు ఇవే. వాటిలో మొదటి మెట్టు నేర్చుకునేవాళ్లను తెలుసుకోవడం. ఎవరు, ఇంట్లో ఏ భాష, ముందే ఏం తెలుసు, ఎక్కడ తడబడతారు. ఈ మొదటి మెట్టు మీద అంకీసా బడిలో, అసరెల్లి బడిలో పదేళ్లు నిలబడ్డ గురూజీకి ఉన్నంత తెలివి ఏ ఏసీ గదిలోనైనా ఉంటుందా? ఇంట్లో తెలుగు, పక్కవాడలో మాడియా, గోండి, పుస్తకంలో మరాఠీ, టీవీలో హిందీ. ఈ ఐదింటి మధ్య ఒక్క పాఠాన్ని నడిపించేవాడి నేర్పు ఆ వృత్తిలోకెల్లా కష్టమైన నేర్పు.

మరి ఉద్యోగ ప్రకటనల్లో ఏమడుగుతున్నారు? ఆర్టిక్యులేట్ స్టోరీలైన్ వచ్చా, క్యాప్టివేట్ వచ్చా, ఇంగ్లీషు ధారాళమా. సాఫ్ట్‌వేర్ మూడు నెలల్లో వస్తుంది. మాడియా మూడు నెలల్లో రాదు. 'మీ' దగ్గర పిల్ల ఎందుకు ఆగిందో పట్టుకునే చెవి మూడేళ్లకు గాని రాదు. తేలిగ్గా వచ్చేదానికి ధర కట్టి, కష్టంగా వచ్చేదాన్ని ఊరికే తీసుకుంటున్న సంత ఇది.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. ఒక కంపెనీకి గ్రామీణ మహిళల శిక్షణ పాఠాన్ని తెలుగులోకి తెచ్చాను. మాటకింత అని బేరం. పాఠంలో మెట్రో స్టేషన్, క్యూ లైను, కార్డు గీకడం ఉన్నాయి. మా వైపు ఆడవాళ్లకు అవి పట్టవని వాటిని తీసేసి వారపు సంత, తూనిక, బాకీ పెట్టాను. మూడు పేరాల్లో చెప్పినది ఒక పేరాలో చెప్పాను. పాఠం బాగా నడిచిందని వాళ్లే అన్నారు. డబ్బు ఇచ్చేటప్పుడు మాటలు లెక్కపెట్టారు. మాటలు తగ్గాయి కాబట్టి కూలి తగ్గింది. పాఠాన్ని బాగుచేసినందుకు నా కూలి కోసుకుపోయింది. అనువాదం వేరు, పాఠం అల్లడం వేరు అని ఎంత చెప్పినా ఆ తేడా రాయడానికి వాళ్ల కాగితంలో గడి లేదు.

కంపెనీ సంగతి వదిలేద్దాం, అది లాభం కోసం పుట్టింది. ప్రభుత్వం సంగతేమిటి? మహారాష్ట్రలో కొత్తగా చేరిన పంతులు మూడేళ్లు 'శిక్షణ్ సేవక్'. మనకు శిక్షణ అంటే తర్ఫీదు. మరాఠీలో శిక్షణ్ అంటే చదువు. చదువుకు సేవకుడు అన్నమాట. ఆ సేవకు ప్రాథమిక బడిలో ఏళ్ల తరబడి ఇచ్చిన గౌరవ వేతనం నెలకు 6,000 రూపాయలు. 2023 జనవరి నుంచి 16,000 చేశారు. 2024లో యువ కార్య ప్రశిక్షణ పథకం కింద డిగ్రీ చదివినవాళ్లకు నెలకు 10,000 ఇస్తామన్నారు, అదీ కొన్ని నెలలకే. సేవ, గౌరవం, ప్రశిక్షణ: పేర్లు ఎన్ని మార్చినా జీతం అన్న మాట మాత్రం నోట రాదు. డీఎడ్ చదివి, నాలుగు భాషలు మాట్లాడే పిల్లలు ఏరు దాటి తెలంగాణకు మిరపకాయలు ఏరడానికి పోతున్న తాలూకా ఇది. ఆ పిల్లల్లో ఒక్కొక్కరూ ఒక పాఠ్యపుస్తకాన్ని నిలబెట్టగలరు.

డబ్బు లేదంటారా? ఉంది. నక్సల్ ప్రభావిత, ఆదివాసీ ప్రాంతాల్లో పనిచేసే ఉద్యోగులకు ఒక మెట్టు పై జీతం, మూల వేతనంలో 15 శాతం ప్రోత్సాహక భత్యం, 1,500 రూపాయలు మించకుండా ఇవ్వాలని ఇదే ప్రభుత్వం 2002 ఆగస్టులో ఉత్తర్వు ఇచ్చింది. ఇవ్వాల్సిందే. అడవిలో, అన్ని కష్టాల మధ్య పనిచేసేవాళ్లకు అది న్యాయం. కానీ ఆ ఉత్తర్వు కొలిచింది అడవిని, ప్రమాదాన్ని. పిల్ల భాషను కొలవలేదు. పిల్లతో ఆమె భాషలో ఒక్క మాట మాట్లాడని పంతులుకూ, మాడియా నేర్చుకొని నిఘంటువు రాసుకున్న పంతులుకూ అదే భత్యం. అసిస్టెంట్ టీచర్, గ్రాడ్యుయేట్ టీచర్, ముఖ్యాధ్యాపకుడు, కేంద్రప్రముఖ్, విస్తార అధికారి: ఇదీ నిచ్చెన. పాఠం అల్లినందుకు ఎక్కే మెట్టు ఇందులో ఏది? సమగ్ర శిక్షా కింద విషయ సాధన్ వ్యక్తులని ఉన్నారు, ఈ పనికి కాస్త దగ్గరివాళ్లు. వాళ్లను ఏళ్లకేళ్లు కాంట్రాక్టు దారానికి వేలాడదీశారు.

ఈ పని చిన్నదని ఎవరైనా అంటే ఒక్క ఉదాహరణ చెబుతాను. 2019 జూన్‌లో మహారాష్ట్ర పాఠ్యపుస్తకాల సంస్థ బాలభారతి రెండో తరగతి గణితం పుస్తకంలో అంకెలు చదివే కొత్త పద్ధతి పెట్టింది. 'ఎకవీస్' అనే పాత పద్ధతితో పాటు 'వీస్ ఏక్' అనీ చదవొచ్చంది, అంటే ఇరవై ఒకటి అని. గణిత కమిటీకి నాయకత్వం వహించిన మంగళా నార్ళీకర్ పిల్లలు అంకెలు తారుమారు రాయడం చూసి చేసిన మార్పు అది. గొడవ శాసనసభ దాకా పోయింది. మరాఠీ చెడిపోతోందన్నారు. ఒక విదుషీమణి పసిపిల్ల తప్పును గౌరవించి, దాని మూలం వెతికి, పాఠాన్ని మార్చింది. ఇంతకంటే గొప్ప పాఠ రూపకల్పన నాకు తెలియదు. సిరొంచ పిల్లకు ఆ మార్పు ఎంత ఉపకారమో ఆ రోజు అరిచినవాళ్లలో ఎవరికైనా తట్టిందా? ఆ పిల్ల ఇంట్లో అమ్మ లెక్కించేది అట్లాగే. ఇరవై, ఆ తర్వాత ఒకటి. సరిహద్దు పిల్ల ఇంటి లెక్కా బడి లెక్కా ఒక్కటైన అరుదైన చోటు అది. ఈ సంగతి చెప్పగలిగిన మనిషి సిరొంచలో ఉన్నాడు. పుణెలోని ఆ కమిటీ గదిలో లేడు, ఎందుకంటే అతన్ని పిలిచే పోస్టు లేదు.

అట్లాంటి మనిషి పూనుకుంటే ఏమవుతుందో కూడా చూశాం. సొలాపూర్ జిల్లా పరితేవాడిలో రంజిత్‌సింహ్ డిసలే అనే పంతులు, పిల్లల ఇళ్లలో కన్నడం ఉందని గమనించి, తానే కన్నడం నేర్చుకొని, పుస్తకాలను వాళ్ల భాషలోకి తెచ్చి, క్యూఆర్ కోడ్‌లు అతికించాడు. 2020 డిసెంబరులో ప్రపంచం అతనికి గ్లోబల్ టీచర్ ప్రైజ్ ఇచ్చింది, 10 లక్షల డాలర్లు. సగం తోటి పోటీదారులకు పంచేశాడు. క్యూఆర్ కోడ్‌లు అంతకుముందే రాష్ట్రమంతా పుస్తకాల మీదికి వచ్చాయి. కోడ్‌లను పట్టుకున్నారు, కన్నడాన్ని వదిలేశారు. ఆ పనిలో ప్రాణం ఎక్కడుందో చూడలేదు. చూసి ఉంటే సిరొంచకు తెలుగు వంతెన పాఠాలు అప్పుడే రావలసింది.

మా జిల్లాకూ పతకాలు వచ్చాయి. 2021లో అసరెల్లి జిల్లా పరిషత్ బడి పంతులు ఖుర్షీద్ షేక్‌కు, 2024లో ఏటపల్లి తాలూకా జాజావండి బడి పంతులు మంతయ్య బేడ్కెకు జాతీయ ఉపాధ్యాయ పురస్కారాలు దక్కాయి. వెండి పతకం, ప్రశంసాపత్రం, 50,000 రూపాయలు. ఆ రెండుసార్లూ నేను గర్వంతో ఊగిపోయాను. ఇద్దరికీ చేతులెత్తి మొక్కుతాను. కానీ పురస్కారం ఒక్కరికి, ఒక్కసారి. జీతం అందరికీ, నెల నెలా. ఒకటి ఇచ్చి రెండోది ఎగ్గొట్టడం న్యాయం కాదు.

గిడుగు రామమూర్తి పేరు ఎత్తి నా నోరు మూయించాలని చూసేవాళ్లున్నారు. పర్లాకిమిడిలో ఆయన సవర నేర్చుకున్నాడు, సవర పిల్లలకు వాచకాలు రాశాడు, సొంత డబ్బుతో బడులు నడిపాడు, 1931లో ఆయన సవర వ్యాకరణం అచ్చయింది. తెలుగువాళ్లలో మొదటి పాఠ రూపకర్త ఆయనే అంటాను. మద్రాసు ప్రభుత్వం వెయ్యి రూపాయలు పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో సవరలకు బడి పెట్టండి, నేను నడుపుతానన్నాడు. నిజమే. అయితే ఒక సంగతి గమనించండి. ఆ రోజు పరాయి ప్రభుత్వం కూడా ఆ పనికి ధర కట్టింది. వద్దనే హక్కు ఆయనది. ఇస్తామనే బాధ్యత సర్కారుది. త్యాగం మనిషి తనంత తానుగా చేస్తేనే త్యాగం. పైవాడు చేయిస్తే దోపిడీ. గిడుగు ఔదార్యాన్ని చూపించి, మూడేళ్ల సేవక్‌గా పనిచేసే పేద పిల్ల దగ్గర చాకిరీ పిండడం ఆ మహానుభావుడికి అపచారం.

ఇక యంత్రం వచ్చేసింది, కృత్రిమ మేధ అనువదిస్తుంది, మనుషులెందుకు అని కొత్త పాట మొదలైంది. యంత్రానికి 'మీ' ఇచ్చి చూడండి, 'నేను' అని సరిగ్గానే చెబుతుంది. తెలుగు పిల్ల చెవిలో ఆ మాట 'నీది' అని మోగుతుందనీ, అందుకే ఆ మాటను నాలుగో రోజు దాకా ఆపి, అద్దం చేతికిచ్చి నేర్పాలనీ దానికి ఎవరు చెబుతారు? ఆ బాయే చెప్పాలి. అప్పుడు కూడా ఊరికే చెప్పాలంటారు.

చట్టం మన వైపే ఉంది. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం 1956 నుంచి ఉంది. 2009 విద్యాహక్కు చట్టం వీలైనంత మేర మాతృభాషలోనే బోధన అంది. 2020 జాతీయ విద్యావిధానం వీలైన చోటల్లా కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాష అంది. బాలభారతి తెలుగు మాధ్యమానికీ పుస్తకాలు అచ్చేస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2004లోనే గోండి, కోయ, కొలామి, సవర వంటి 8 భాషల్లో పిల్లలకు వాచకాలు తెచ్చింది. దారి లేదని ఎవరూ అనలేరు. అయినా మా జిల్లాలోనే ధనోరా తాలూకా మోహ్‌గావ్‌లో గ్రామసభ 2019లో తానే గోండి బడి పెట్టుకుంటే, 2022లో విద్యాశాఖ దానికి గుర్తింపు లేదని నోటీసు ఇచ్చింది. పని చేయదు, చేసేవాళ్లను చేయనివ్వదు.

గడ్చిరోలి జిల్లా పరిషత్‌ను అడుగుతున్నాను. తాలూకాకు నలుగురు పాఠ రూపకర్తలను నియమించండి. సర్టిఫికెట్ ఎంత పెద్దదో తర్వాత చూడండి. తెలుగు, మాడియా, గోండి, మరాఠీల్లో ఎన్ని వచ్చో ముందు పరీక్షించండి. బడిలో పిల్లతో మాట్లాడించి పరీక్షించండి. వాళ్లకు ముఖ్యాధ్యాపకుడికి తగ్గని జీతం ఇవ్వండి. పాఠాలు అల్లుతున్న పంతుళ్లకు ఆ గంటలను పనిగంటల్లో రాయండి. ఏ అట్టముక్క ఎవరు తయారుచేశారో దాని మీద పేరు అచ్చు వేయండి. హైదరాబాద్ కంపెనీలనూ అడుగుతున్నాను: సరిహద్దు మనిషి చేత పాఠం మార్పించుకున్నప్పుడు మాటలు లెక్కపెట్టకండి, పాఠానికి కూలి కట్టండి. సిరొంచ పంతుళ్లనూ అడుగుతున్నాను: మీ నోటు పుస్తకాలు దాచుకోకండి, ఊరికే ఇవ్వకండి. మీరు చేసేది వృత్తి అని ముందు మీరు నోరారా అనండి.

విదర్భలో బడులు జూన్ చివర్లో తెరుస్తారు. ఆ ఉదయం ఒక పిల్ల కొత్త పలక పట్టుకొని వస్తుంది, బాయి 'మీ' అంటుంది. ఆలోపే పాఠ రూపకర్తలను నియమించే ఉత్తర్వు రావాలి.