వేట వాళ్ళది, వంట మనది!

దుప్పిని కొట్టడానికి ఏ రైఫిలు మంచిది? మా చేవెళ్ళ వైపు ప్రొద్దుటూరులో తోటలు కొనుక్కున్న పెద్దమనుషుల నోట ఈ మాట నేను తరచూ వింటుంటాను. .243 చాలంటారొకరు. కాదు, .308 అయితేనే ఒక్క దెబ్బకు పడుతుందంటారు ఇంకొకరు. పోచంపల్లా, గద్వాలా అని మనం గంటసేపు తేల్చుకోకపోతే మాత్రం నవ్వుతారు!

అమెరికాలో అయితే ఆ చర్చకో అర్థముంది. అక్కడ లైసెన్సు తీసుకుని, ప్రభుత్వం చెప్పిన రోజుల్లో, చెప్పినన్నే కొడతారు. ఇక్కడ 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకల వేట నేరం. తుపాకికిచ్చిన లైసెన్సు జింకను చంపడానికిచ్చింది కాదండీ!

"పైరు తినేస్తున్నాయమ్మా" అంటారు. నిజంగా పైరు పోయే రైతు అటవీశాఖకు మొరపెట్టుకుంటాడు. వీళ్ళ తోటల్లో లాను తప్ప పైరెక్కడుంది?

ఈ దాపునే, చిలుకూరులో, 1994లో జాతీయ ఉద్యానమైన మృగవని ఉంది. అక్కడి దుప్పుల్ని చూసి పిల్లలు కేరింతలు కొడతారు. 2014లో తెలంగాణ రాష్ట్ర జంతువుగా ఎంచుకున్నదీ జింకనే. వనస్థలిపురంలోని హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేటమైదానం. ఇవాళ జింకల నెలవు. నవాబులతోనే పోయిన సరదా మనవాళ్ళకెందుకు?

అసలు సంగతి వినండి. కొట్టినవాడిదే కాదు, ఆ మాంసం ఇంట్లో పెట్టుకున్నవాళ్ళదీ నేరమే. అంటే మన ఫ్రిజ్జు, మన గిన్నె కూడా సాక్ష్యాలే! అందుకే నేననేదొకటే: ఆ కూర పొయ్యి మీద పెట్టనని ఇప్పుడే చెప్పేయండి. వండిపెట్టే చెయ్యి లేకపోతే, ఎంత మంచి రైఫిలైనా గోడకి అలంకారమే.