మానసిక వైద్యానికి వెల కట్టేదెవరు?

ఆరోగ్యశ్రీ ప్యాకేజీ ధరల సమీక్ష ఎప్పుడు జరిగినా చర్చంతా గుండె, మూత్రపిండాలు, కీళ్ల శస్త్రచికిత్సల చుట్టూనే తిరుగుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2024 జూలైలో వెయ్యికి పైగా చికిత్సల ధరలను సవరించింది. సేవలు నిలిపివేస్తామని కార్పొరేట్ ఆసుపత్రులు హెచ్చరించిన ప్రతిసారీ ప్రభుత్వాలు చర్చలకు పిలుస్తాయి. ఆ యాజమాన్యాలు ఏ సామాజిక వర్గాల చేతుల్లో ఉన్నాయో వేరే చెప్పనక్కర్లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమంలో కాంట్రాక్టు మీద పనిచేసే సైకాలజిస్టుకు అలా బేరమాడే శక్తి లేదు.

లోపం పథకాల నిర్మాణంలోనే ఉంది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ అయినా, 2018 నాటి ఆయుష్మాన్ భారత్ అయినా ప్రధానంగా ఆసుపత్రిలో చేరిన రోగి కోసమే చెల్లిస్తాయి. కుంగుబాటులో ఉన్న విద్యార్థికి కావలసింది పడక కాదు. శిక్షణ పొందిన మనిషి వారం వారం ముప్పావు గంటసేపు అతని మాట వినాలి. ఆ ముప్పావు గంటకు ప్యాకేజీ లేనప్పుడు ధరలను ఎంత శాతం పెంచినా సున్నా సున్నాగానే మిగులుతుంది. ప్రైవేటులో ఆ సమయాన్ని కొనుక్కోగలిగేవారు కొనుక్కుంటారు. హాస్టల్లో ఉండే తొలితరం దళిత, ఆదివాసీ, బీసీ విద్యార్థి కొనలేడు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది.

కులవివక్షకు కౌన్సెలింగ్ మందు కాదు. రోహిత్ వేముల మరణాన్ని వ్యక్తిగత కుంగుబాటుగా కుదించజూసినవారిని మనం చూశాం. వివక్షకు విచారణ, శిక్ష ఉండాల్సిందే. అంతమాత్రాన గాయపడినవారికి చికిత్స అక్కర్లేదనలేం.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 18వ సెక్షన్ కులంతో నిమిత్తం లేకుండా ఈ సేవలను హక్కుగా గుర్తించింది. 21వ సెక్షన్ శారీరక వ్యాధులతో సమానంగా బీమా కల్పించాలన్నది. విశాఖలో నీట్ శిక్షణలో ఉన్న విద్యార్థిని మృతి కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు, వందమంది లేదా అంతకంటే ఎక్కువ విద్యార్థులున్న విద్యాసంస్థల్లో కౌన్సెలర్ ఉండాలని ఆదేశించింది. ఆ జీతం ఎవరిస్తారన్నదే అసలు ప్రశ్న. నిధుల్లేని సంక్షేమ హాస్టల్లో ఆ బాధ్యత వార్డెన్ నెత్తినే పడుతుంది.

కాబట్టి తదుపరి సమీక్షలో బయటి రోగుల సంప్రదింపులకు గంటల లెక్కన ధర నిర్ణయించాలి. ఆ సంఘంలో దళిత, ఆదివాసీ మానసిక వైద్య నిపుణులకు స్థానం ఇవ్వాలి. ఇప్పటివరకు మానసిక చికిత్సకు ఎంత చెల్లించారో, ఏ కులాలవారికి అందిందో ఆరోగ్యశ్రీ ట్రస్టు అంతకుముందే ప్రకటించాలి.