మన గోడ, వాళ్ల స్విచ్చు



ఈ వారం ఒక చిన్న వస్తువు గురించి మాట్లాడుకుందాం. గోడకు బిగించే స్మార్ట్ స్విచ్. నరసరావుపేట ఎలక్ట్రికల్ షాపుల్లో అడిగితే ఇస్తారు, మాచర్లలో దొరక్కపోతే ఆన్‌లైన్‌లో బుక్ చేస్తే ఇంటికొస్తుంది. ఫోన్‌లో నొక్కితే ఫ్యాన్ తిరుగుతుంది, లైటు వెలుగుతుంది. బాగానే ఉంది. కానీ నాదొక ప్రశ్న. ఆ స్విచ్చు ఎవరిది?

డబ్బులు మనం ఇచ్చాం. గోడ మనది. గోడ పగలగొట్టి పైపు వేసింది, వైరు లాగింది, నిచ్చెనెక్కి చెమటోడ్చి బోర్డు బిగించింది చాలాసార్లు మన పేటల కుర్రాళ్ళే. ఇంతా చేశాక మనం ఫోన్‌లో నొక్కితే ఏం జరుగుతుందో చూడండి. ఆ ఆదేశం చాలా కంపెనీల విషయంలో మన వైఫై దాటి, ఎక్కడో ఉన్న కంపెనీ సర్వర్‌కి పోతుంది. సర్వర్ సరేనంటే తిరిగి మన గోడకొస్తుంది. అప్పుడు లైటు వెలుగుతుంది. మంచానికీ గోడకూ మధ్య ఉన్న ఆరడుగుల దూరానికి ఎవరిదో అనుమతి కావాలి. నెట్ పోతే ఆ అనుమతి కూడా పోతుంది. పైగా ఈ ఇంట్లో ఎన్నింటికి లేస్తారు, ఎన్నింటికి పడుకుంటారు, ఏ రోజుల్లో ఇల్లు ఖాళీగా ఉంటుంది అనే లెక్కంతా ఆ సర్వర్‌లో పడుతూ ఉంటుంది.

సర్వర్ ఆపేస్తే? ఇది ఊహించి అంటున్న మాట కాదు, జరిగింది. అమెరికాలో రివాల్వ్ అని ఇంట్లో పరికరాలన్నిటినీ కలిపే పెట్టె ఉండేది. ధర 300 డాలర్లు. ఆ కంపెనీని గూగుల్ వాళ్ల నెస్ట్ కొన్నది. 2016 మే నెలలో సర్వర్ ఆపేసింది. పెట్టె పాడవలేదు, కాలిపోలేదు. కానీ పనిచేయదు. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ అనే కంపెనీ కూడా ముందస్తు కబురు లేకుండా సర్వర్లు ఆపేసింది. ఇళ్ళనిండా దాని స్విచ్చులు పెట్టుకున్నవాళ్ళు తెల్లమొహం వేశారు. తర్వాత వాళ్ల కస్టమర్లే కొందరు కలిసి ఆ కంపెనీని కొని మళ్ళీ నడిపించుకున్నారు. అమెరికా మధ్యతరగతికి కంపెనీ కొనే శక్తి ఉంది. మనకు?

ఇప్పుడు పెట్టె విప్పుదాం. స్మార్ట్ స్విచ్ లోపల పెద్ద మాయేమీ లేదు. 230 వోల్టుల కరెంటును 3.3 వోల్టులకు దించే చిన్న సర్క్యూట్ ఒకటి. టక్కుమని కొట్టుకునే రిలే ఒకటి. వైఫై ఉన్న చిప్ ఒకటి. ఆ చిప్ చాలావాటిలో ఈఎస్‌పీ8266. షాంఘై కంపెనీ ఎస్‌ప్రెసిఫ్ 2014లో తెచ్చింది. అంటే మన గోడలో ఉన్నది ఒక బుల్లి కంప్యూటర్. దానిలో నడిచే ప్రోగ్రామ్‌ను ఫర్మ్‌వేర్ అంటారు. సర్వర్‌కి చెప్పకుండా లైటు వెయ్యకు అని రాసిపెట్టింది అందులోనే. చిప్‌కి కంపెనీ మీద భక్తి ఏమీ లేదు. ఫర్మ్‌వేర్ మారిస్తే అదే చిప్ మన మాట వింటుంది.

అలా మార్చుకోవడానికి ఉన్న ఓపెన్ సోర్స్ ఫర్మ్‌వేర్లలో టాస్మోటా బాగా పేరున్నది. నెదర్లాండ్స్‌కు చెందిన థియో ఆరెండ్స్ దాదాపు పదేళ్ల కిందట, సోనాఫ్ అనే చవక స్విచ్చుల కోసం మొదలుపెట్టాడు. తర్వాత ప్రపంచం నలుమూలల నుంచీ ఎందరో చెయ్యి వేశారు. ఇది పెట్టుకుంటే స్విచ్చు బయటి సర్వర్‌ను అడగదు. నెట్ లేకపోయినా ఇంట్లో వైఫై ఉంటే చాలు, ఫోన్ బ్రౌజర్‌లోంచే నడుస్తుంది. గోడ మీది బటన్ ఎటూ ఉంటుంది.

డబ్బు తీసుకోరు కాబట్టి చాలామంది దీన్ని ‘ఫ్రీ’ అంటారు. అక్కడ ఆగొద్దు. మన పల్నాడులో చాపకూడు గురించి వినని వాళ్ళు లేరు. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి అన్నం పెట్టాడని వీరచరిత్ర చెబుతుంది. కారంపూడి తిరునాళ్లలో ఏటా తలుచుకుంటాం. అది గొప్పదే. కానీ పెట్టేవాడు ఉన్నంతకాలమే ఆ చాప ఉంటుంది. చాప పరిచేవాడి మంచితనం మీద ఆధారపడిన సమానత్వం అది. టాస్మోటా వెనక ఉన్న జీపీఎల్ లైసెన్స్ వేరే రకం. నువ్వు దీన్ని వాడుకోవచ్చు, లోపల ఏముందో చదవచ్చు, మార్చుకోవచ్చు, మార్చింది పదిమందికీ పంచవచ్చు అని రాసి ఇస్తుంది. నీ నుంచి తీసుకునేవాడికీ అవే హక్కులు ఇవ్వాలని షరతు పెడుతుంది. రాసినవాడికి రేపు మనసు మారినా, ఇవాళ విడుదలైన కోడ్‌ను మన దగ్గరినుంచి వెనక్కి లాక్కోలేడు. దయకూ హక్కుకూ ఉన్న తేడా ఇదే.

ఆ హక్కు కూడా అడిగితేనే పలుకుతుంది. లింక్‌సిస్ అనే కంపెనీ తన రౌటర్‌లో ఇదే లైసెన్స్ కింద ఉన్న లినక్స్ వాడుకుని, కోడ్ మాత్రం బయట పెట్టలేదు. ప్రోగ్రామర్లు కనిపెట్టి నిలదీశారు. 2003లో కోడ్ విడుదల చేయక తప్పలేదు. ఆ కోడ్ లోంచే ఓపెన్‌వర్ట్ పుట్టింది. ఇవాళ ఎన్నో రకాల రౌటర్లలో అది నడుస్తోంది.

సరే, ఎలా మార్చాలి? మన ఐటీఐ, పాలిటెక్నిక్ తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఇది పెద్ద పని కాదు. ముందు ఎంసీబీ దించాలి. టెస్టర్ పెట్టి కరెంటు లేదని చూసుకుని, స్విచ్చును గోడ నుంచి పూర్తిగా ఊడదీయాలి. మూత తీస్తే బోర్డు మీద 3.3 వోల్టులు, గ్రౌండ్, టీఎక్స్, ఆర్‌ఎక్స్ అని నాలుగు చుక్కలు కనిపిస్తాయి. రెండు మూడు వందల రూపాయల యూఎస్‌బీ సీరియల్ కన్వర్టర్‌ను వాటికి కలపాలి. దీని టీఎక్స్ దాని ఆర్‌ఎక్స్‌కి, దాని టీఎక్స్ దీని ఆర్‌ఎక్స్‌కి. కన్వర్టర్ 3.3 మీద ఉండాలి, 5 ఇస్తే చిప్ పోతుంది. జీపీఐఓ 0 అనే కాలును గ్రౌండ్‌కి తాకించి ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే చిప్ కొత్త ప్రోగ్రామ్ తీసుకోవడానికి సిద్ధమవుతుంది. ముందు పాత ఫర్మ్‌వేర్ కాపీ తీసి దాచుకోండి. తర్వాత క్రోమ్ బ్రౌజర్‌లో టాస్మోటా వాళ్ల ఇన్‌స్టాలర్ తెరిచి ఎక్కించడమే. ఎక్కాక స్విచ్చు తనే ఒక వైఫై మొదలుపెడుతుంది. ఫోన్‌తో దానికి కలిసి 192.168.4.1 తెరిచి మన ఇంటి వైఫై పేరు, పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఏ కాలు రిలే, ఏ కాలు బటన్ అనేది కూడా చెప్పాలి. వేల పరికరాలకు ఆ వివరాలు ముందే రాసిపెట్టిన జాబితా ఉంది. ఆఖరున ఆ పేజీకి ఒక పాస్‌వర్డ్ పెట్టండి. లేకపోతే మీ వైఫైలో ఉన్న ఎవరైనా మీ లైట్లు ఆడించగలరు.

ఒక్క మాట గుండెల మీద రాసుకోండి. కన్వర్టర్ తగిలించి ఉన్నప్పుడు ఆ బోర్డును ఏ పరిస్థితుల్లోనూ కరెంటుకు కలపొద్దు. చాలా స్విచ్చుల్లో 230 వోల్టులకూ ఆ నాలుగు చుక్కలకూ మధ్య అడ్డు ఏమీ ఉండదు. ల్యాప్‌టాప్ పోవడం తర్వాత సంగతి, మనిషి పోతాడు. ఇంకోటి. చాలా స్మార్ట్ స్విచ్చులకు న్యూట్రల్ కావాలి. బోర్డులో ప్లగ్ పాయింట్ ఉంటే న్యూట్రల్ అక్కడిదాకా వచ్చి ఉంటుంది, లేకపోతే వైరు లాగాలి. పొలంలో మోటారును నేరుగా దీనికి తగిలించొద్దు. మోటారు స్టార్టయ్యేటప్పుడు లాగే కరెంటుకు ఈ చిన్న రిలే అతుక్కుపోతుంది. మధ్యలో కాంటాక్టర్ ఉండాల్సిందే. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కిస్తే వారంటీ పోతుందని కూడా తెలుసుకునే చెయ్యండి.

కంపెనీలు చూస్తూ ఊరుకుంటాయా? టుయా అని చైనా కంపెనీ ఉంది. వందలాది బ్రాండ్ల పేర్లతో అమ్మే స్విచ్చుల లోపల ఉండేది దాని సరుకే. వాటిని విప్పకుండానే, వైఫై మీదుగా ఫర్మ్‌వేర్ మార్చే దారిని జర్మనీ పరిశోధకులు 2018 డిసెంబర్‌లో బయటపెట్టారు. కంపెనీ అప్‌డేట్లు పంపి ఆ దారి మూసేసింది. తర్వాత చాలా స్విచ్చుల్లో చిప్పే మారిపోయింది, బీకెన్ రకం వచ్చింది. టాస్మోటా దాని మీద నడవదు. అప్పుడు దానికోసం ఓపెన్‌బీకెన్ అని ఇంకో ఫర్మ్‌వేర్ రాశారు. అందుకే కొనేముందు లోపల ఏ చిప్ ఉందో కనుక్కోండి. కొన్న వస్తువును విప్పి చూసుకునే హక్కు కోసం ఇంత పోరాడాలా అంటే, అవును, పోరాడాలి.

ఇక్కడ కొందరు మిత్రులు అడుగుతారు. ఇళ్ళ స్థలాల గొడవ, కూలి గొడవ ఉండగా ఈ డబ్బున్నోళ్ల ఆటబొమ్మ మనకెందుకని. న్యాయమైన ప్రశ్నే. జవాబు స్విచ్చులో లేదు, మీటరులో ఉంది. 2021లో కేంద్రం తెచ్చిన పథకం కింద దేశమంతా ప్రీపెయిడ్ స్మార్ట్ మీటర్లు పెట్టాలని చూస్తున్నారు. ఇలాంటి మీటరు ఉంటే లైన్‌మ్యాన్ స్తంభం ఎక్కక్కర్లేదు, ఆఫీసులో కూర్చుని కాలనీలో ఇంటి కరెంటు ఆపొచ్చు. లైన్‌మ్యాన్ వస్తే కనీసం నాలుగు మాటలు మాట్లాడతాం, రెండు రోజులు గడువు అడుగుతాం. సర్వర్‌ను ఏం అడుగుతాం? ఒకటి గట్టిగా చెబుతున్నా, మీటరు మీద చెయ్యి వెయ్యొద్దు. అది డిస్కం ఆస్తి, దాన్ని కదిలిస్తే 2003 విద్యుత్ చట్టం 135వ సెక్షన్ కింద కేసు. మన స్విచ్చు మనం విప్పుకోవచ్చు, మీటరును మాత్రం ప్రశ్నలతో విప్పాలి. ఏ లెక్క ఎక్కడికి పోతోంది? ఆపే అధికారం ఎవరి వేలికి ఉంది? ఆపే ముందు ఎన్ని రోజుల నోటీసు? ఒక్క స్విచ్చు లోపల చూసినవాడికి ఈ ప్రశ్నలు వాటంతటవే వస్తాయి. లోపల చూడనివాడికి ఆఫీసరు చెప్పిందే వేదం.

ఇంకో మాట కూడా వింటుంటాం. ఓపెన్ సోర్స్‌లో కులం లేదు, కోడ్ అందరికీ ఒకటే అని. నిజమే, కోడ్ మన కులం అడగదు. ఇంగ్లీషు వచ్చా అని అడుగుతుంది. ల్యాప్‌టాప్ ఉందా అని అడుగుతుంది. జీతం లేకుండా రాత్రిళ్ళు కూర్చునే తీరిక ఉందా అని అడుగుతుంది. ఈ మూడూ మన దేశంలో ఎవరి ఇళ్ళల్లో ఎక్కువున్నాయో వేరే చెప్పాలా?

తలుపు తెరిచామని కాగితం మీద రాస్తే సరిపోదని మనకు మహద్ నేర్పింది. ప్రజల నీటి వసతులు అందరివీ అని 1923లోనే బొంబాయి శాసనమండలి తీర్మానం చేసింది. మహద్ మునిసిపాలిటీ కూడా ఒప్పుకుంది. అయినా చౌదార్ చెరువు నీళ్ళు మనవాళ్ళ గొంతు తడపలేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందితో నడిచివెళ్ళి దోసిట పట్టి తాగితేనే ఆ తీర్మానానికి ప్రాణం వచ్చింది. జీపీఎల్ కూడా ఒక తీర్మానమే. చెరువు దాకా నడవాల్సింది మనం.

ఆ నడక కొందరు మొదలుపెట్టారు. 2005 నుంచి తెలుగు నేల మీద స్వేచ్ఛ అనే సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ను కాలేజీల్లోకి, తెలుగులోకి తీసుకురావడానికి పనిచేస్తోంది. బెంగళూరులో ఇదే ఉద్యమంలోని కార్యకర్తలు ఒక మురికివాడలో అంబేడ్కర్ పేరుతో కంప్యూటర్ కేంద్రం పెట్టి, అక్కడి పిల్లలకు స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదే నేర్పారు. పల్నాడుకు ఆ దారి ఎందుకు రాకూడదు?

పని కూడా చేతికి అందేంత దగ్గరలోనే ఉంది. టాస్మోటా పాతిక పైచిలుకు భాషల్లో దొరుకుతుంది. అందులో ఫ్రీజియన్ ఉంది. నెదర్లాండ్స్‌లో ఒక మూల సుమారు ఐదు లక్షల మంది మాట్లాడే భాష అది. 2011 జనగణన ప్రకారం ఎనిమిది కోట్ల మందికి మాతృభాష అయిన తెలుగు అందులో నాకు కనిపించలేదు. ఒక భాష చేర్చడమంటే ఒక ఫైలు అనువాదం చేయడం. ఆన్, ఆఫ్, టైమర్, పాస్‌వర్డ్, సేవ్ లాంటి పొట్టి మాటలు. చిప్ మెమరీ చిన్నది, తెలుగు అక్షరం మూడు బైట్లు తింటుంది కాబట్టి మాటలు పొదుపుగా వాడాలి. కొరియన్, చైనీస్ అక్షరాలూ మూడు బైట్లే, వాళ్ళు ఇరికించుకున్నారు. మనమూ ఇరికిద్దాం. అందులో గ్రంథాల తెలుగు వద్దు, వైర్‌మ్యాన్ బాషా అయినా ఏసు అయినా చూడగానే అర్థమయ్యే తెలుగు పెడదాం.

నరసరావుపేట, మాచర్ల, గురజాల హాస్టళ్ళలో ఉన్న మిత్రులను అడుగుతున్నా. హాస్టల్‌కి ఒక పాత స్విచ్చు, ఒక కన్వర్టర్ చాలు. వెయ్యి రూపాయలు దాటదు, నలుగురైదుగురు వేసుకోండి. ఎలక్ట్రికల్ చదివేవాళ్ళు విప్పండి, కంప్యూటర్ చదివేవాళ్ళు ఎక్కించండి, తెలుగు చదివేవాళ్ళు ఆ ఫైలు పట్టండి. కరెంటు పనికి పోయే అన్నలను పక్కన కూర్చోబెట్టుకోండి. వాళ్ల చేతికి తెలిసింది మీ పుస్తకంలో లేదు. తరతరాలుగా పని మన చేతిలో, కిటుకు వాళ్ల చేతిలో ఉంచారు. ఈ ఒక్క డబ్బాలోనైనా రెండూ ఒకే చేతిలోకి రానివ్వండి.

వచ్చే భాగంలో స్మార్ట్ మీటరు మీద సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలో, ఏమేం అడగాలో రాస్తాను. ఈలోగా ఎంసీబీ దించడం మర్చిపోకండి.

జై భీమ్.