బరువు ఎవరిది? బాధ్యత ఎవరిది?

2018 జులైలో కేంద్రం ఇరుసు బరువు పరిమితులను సడలించింది. రెండిరుసుల లారీ స్థూల బరువు పరిమితి 16.2 టన్నుల నుంచి 18.5 టన్నులకు పెరిగింది. అది సరకు బరువు కాదు. చాసిస్, బాడీ, ఇంధనం, సిబ్బంది సహా మొత్తం బరువు. ఖాళీ బండి 6 టన్నులు తూగితే సరకుకు మిగిలేది 12.5 టన్నులే. బాడీ కట్టించేటప్పుడు అదనంగా వాడే ప్రతి క్వింటాలు ఇనుమూ ఆ మేరకు కోతే. కొనేనాడు ఈ లెక్క చూసుకోని యజమాని, వాయిదాలు కట్టలేక అధిక లోడుకు ఒడిగడుతున్నాడు.

దాని మూల్యం సామాన్యమైనది కాదు. ఇరుసుపై బరువు రెట్టింపైతే రహదారికి వాటిల్లే నష్టం సుమారు 16 రెట్లని ఇంజినీర్ల అంచనా. బ్రేకులు పట్టు తప్పితే బలయ్యేది నిండు ప్రాణాలు. రుసుము కట్టించుకొని అదనపు సరకుతోనే లారీలను సాగనంపే పద్ధతి చెల్లదని సుప్రీంకోర్టు 2005లోనే స్పష్టం చేసింది. 2019 నాటి చట్ట సవరణ జరిమానాను 20,000 రూపాయలకు, ఆపై అదనపు టన్నుకు 2,000 రూపాయలకు పెంచింది.

దారిలో జరిమానాలు వసూలు చేసినంత మాత్రాన ఈ జాడ్యం వదలదు. బాడీ పోగా మిగిలే సరకు సామర్థ్యాన్ని విక్రేతలు కొనుగోలుదారుకు రాతపూర్వకంగా తెలపాలి. సరకు ఎక్కించే చోటే తూకం తప్పనిసరి చేయాలి. చౌక కిరాయికి ఆశపడి పరిమితికి మించి నింపించే వ్యాపారినీ బాధ్యుణ్ని చేయాలి. లాభం ఒకరిది, శిక్ష మరొకరిది అయినంతకాలం చట్టం కాగితాలకే పరిమితమవుతుంది.