మీ ‘దమ్ము’ ఎంత?

లిఫ్టు పనిచేయని రోజు మూడో అంతస్తు చేరేసరికి ఆయాసం ముంచుకొస్తుంది. ‘వయసు మీద పడుతోంది కదా’ అని సరిపెట్టుకుంటారు చాలామంది. నిజానికి ఇందులో వయసు వాటా కొంతే. పనిలేక గుండె, కండరాలు బద్ధకించడమూ పెద్ద కారణమే. దాన్ని సరిదిద్దుకోవచ్చు.

ఒళ్లు వంచి పనిచేసేటప్పుడు శరీరం నిమిషానికి గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్‌ను వాడుకోగలదన్నదే ఏరోబిక్ సామర్థ్యం. పక్కాగా కొలవాలంటే ముఖానికి మాస్కు తగిలించి ట్రెడ్‌మిల్ మీద పరుగెత్తించాలి. ఇంత హంగామా లేకుండా అమెరికా వైమానిక దళ వైద్యుడు కెన్నెత్ కూపర్ 1968లో ఓ తేలిక మార్గం చూపించారు. 12 నిమిషాల్లో ఎంత దూరం పరుగెత్తగలరన్నదే ఆ పరీక్ష. బ్రెజిల్‌లో దీనికి ఎంత పేరొచ్చిందంటే... అక్కడ జాగింగ్‌నే ‘కూపర్’ అనేవారు!

అలవాటు లేనివాళ్లు మాత్రం ఉన్నట్టుండి పరుగుకు దిగకూడదు. ఇంట్లో నాడి చూసుకుంటే చాలు. పొద్దున్నే మంచం దిగకముందే మణికట్టు దగ్గర, బొటనవేలి వైపు రెండు వేళ్లు ఆనించి 30 సెకన్లు లెక్కపెట్టాలి. దాన్ని రెట్టింపు చేయాలి. పెద్దవాళ్లలో మామూలుగా ఇది 60-100 మధ్య ఉంటుంది. వ్యాయామంతో గుండె ఒక్కో స్పందనకు ఎక్కువ రక్తాన్ని పంపగలుగుతుంది కాబట్టి ఈ అంకె క్రమంగా తగ్గుతుంది. వారానికోసారి క్యాలెండర్ మీద రాసిపెట్టుకోండి. అలాగే ఒక కిలోమీటరు నడవడానికి ఎన్ని నిమిషాలు పడుతోందో నెలకోసారి చూసుకోండి.

ఇక పెంచుకోవడం ఎలా? వేగంగా నడవాలి. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేనంత వేగం ఉండాలి. రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టండి. వారానికి 150 నిమిషాలకు చేరాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. అది అలవాటయ్యాక మూడు నిమిషాలకోసారి ఒక నిమిషం మరింత జోరుగా నడిస్తే ఫలితం ఇంకా బాగుంటుంది.

గుండెజబ్బు, మధుమేహం, అధిక రక్తపోటు ఉన్నవాళ్లు ముందుగా వైద్యులను సంప్రదించాలి. బీపీ మందుల్లో కొన్ని నాడి వేగాన్ని తగ్గిస్తాయి. కాబట్టి వాటిని వాడేవాళ్లు నాడి లెక్కనే నమ్ముకోకూడదు. ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, కొత్తగా మొదలైన ఆయాసం... వీటిని ‘వయసు’ ఖాతాలో వేయొద్దు. వెంటనే పరీక్ష చేయించుకోవాలి.

మూడు నెలలు పోయాక అవే మెట్లు మళ్లీ ఎక్కి చూడండి. వయసు మూడు నెలలు పెరిగే ఉంటుంది, ఆయాసం మాత్రం తగ్గి ఉంటుంది.